చీకట్లో తక్‌పట్టీ

యార్డు గేటు తెరవకముందే
కొట్టు షట్టరెత్తి మౌసు కదుపుతాను.
లోపల ఫ్యాను గుర్రుమంటుంది,
ముందు లైటు పచ్చగా వెలుగుతుంది,
తెర మాత్రం నల్లగానే.

ఒక్కోరోజు లేస్తుంది, పిలవగానే పలికినట్టు.
మూడు రోజులు అలా నమ్మించి
నాలుగో రోజు, అదీ
రెండొందల టిక్కీలు ఒకేసారి దిగిన రోజు
మొండికేస్తుంది.

నాగుల్‌మీరాని పిలిచాం.
మూత విప్పి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు.
రెండు సీజన్ల తేజ పొడి
బోర్డు మీద, వైర్ల మీద, ఫ్యాను రెక్కల మీద.
"బాబాయ్, ఇది కంప్యూటరా కారం డబ్బానా?"
బ్లోయరు పెడితే
మిరపకాయల్లోనే బతికే ముఠా కూలీలు కూడా
కండువాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

ర్యాము పీకి, పిల్లల రబ్బరుతో దాని పళ్ళు తోమాడు.
బిళ్ళంత బ్యాటరీ మార్చాడు.
సెట్టింగుల్లో ఏవో టిక్కులు తీశాడు, ఏవో పెట్టాడు.
పడుకోబెట్టాడు, లేపాడు.
పడుకోబెట్టాడు, లేపాడు.
పదకొండుసార్లూ బుద్ధిగా లేచింది.
మూడొందల యాభై జేబులో పెట్టుకుని
అతని బండి మలుపు తిరిగిందో లేదో
మళ్ళీ నలుపు.

డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గే జ్వరం ఇది.
వీడియో తీద్దామని ఫోను ఎత్తితే
చటుక్కున లేచి కూర్చుంటుంది.

షావుకారు చెంచురామయ్యగారు
పక్క రేకు మీద ఓ చరుపు చరుస్తారు.
అది పనిచేసిన రోజులూ ఉన్నాయి,
అదే అసలు చిక్కు.
ఎవరో నిమ్మకాయ పెట్టమన్నారు.
పెట్టాం కూడా.

ఫిబ్రవరిలో ఓ తెల్లవారుజాము.
వినుకొండ అవతల్నుంచి సరుకు తెచ్చిన బసవమ్మ
కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడింది.
నిన్నటి కాటాకి తక్‌పట్టీ ఇస్తే
ఆరింటి బస్సు అందుకుంటుంది.
తెర నలుపు.

ఆపి మళ్ళీ వేయొచ్చు.
కానీ నిన్నటి లెక్కలు సేవ్ చేయలేదు నేను.
షావుకారుకి ఈ మాట చెప్పకండి.

ఏం తోచక ఊరికే కూర్చుంటే
వేళ్ళు వాటంతటవే కదిలాయి.
పద్నాలుగేళ్ళుగా నడిచిన దారే కదా:
పాస్‌వర్డు, ఎంటరు, ఎఫ్ ఏడు,
లాటు నంబరు, ఎంటరు, కంట్రోలు పి.
కరెంటు పోయిన వంటింట్లో
అగ్గిపెట్టె కోసం తడిమినట్టు.

మూలన పాత ప్రింటరు
గొంతు సవరించుకుంది.
కీచుమంటూ, ఆగుతూ, మళ్ళీ కీచుమంటూ
కాయితాన్ని బయటికి తోసింది.
తేజ ముప్పై రెండు టిక్కీలు. తాలు మూడు.
దింపుడు కూలి, కమిషను, నికరం.
పైసలతో సహా.

నాకు కాళ్ళు ఆడలేదు.
అంటే ఇన్నాళ్ళూ లేచే ఉన్నావా?
మేం చరిచినప్పుడు, తుమ్మినప్పుడు,
"సచ్చిందిరా" అని వీధికి వినబడేలా అరిచినప్పుడు
అన్నీ తెలిసి, లోపల మెలకువగానే ఉండి,
ముఖం చూపించే దారి లేక?

బసవమ్మ అంకెల కింద వేలు జరుపుతూ చదువుకుంది.
మడిచి రొంటిన దోపుకుంటూ
"మరి ఆ అద్దం ఎందుకయ్యా?" అంది.

సాయంత్రం నాగుల్‌మీరా తెర వెనక చెయ్యి పెట్టి
బొటనవేలంత ముక్క బయటికి లాగాడు.
పాత తెరకీ కొత్త పెట్టెకీ మధ్య
బ్రాడీపేటలో నేనే కొన్న కన్వర్టరు.
"దీని మాట దానికి చెప్పే దుబాసీ ఇది, బాబాయ్.
వాళ్ళిద్దరూ లేచినా
వీడికి నిద్రమత్తు వదలట్లేదు."
వేరేది పెట్టాడు. ఈసారి డబ్బులు వద్దన్నాడు.

ఇప్పుడు గంటకోసారి సేవ్ చేస్తున్నాను.
నిమ్మకాయ ఎండి గచ్చకాయంత అయింది,
తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

మొన్న మంగళవారం మళ్ళీ ఒకసారి నలుపు.
ఎందుకో తెలీదు.
నాగుల్‌మీరాకి ఇంకా ఫోను చేయలేదు.
ముందు ఓ పట్టీ కొట్టి చూశాను,
ఉన్నావా అని.